ఫినాయిలత్తయ్య

పెరట్లో నేల నాలుగు రోజులుగా ఆరడం లేదు. వాన లేదు, కుళాయి కారడం లేదు, అయినా అడుగు పెడితే చెప్పు దిగబడిపోతోంది. ఇక వాసన సంగతి చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్లు కిటికీ తలుపులు వేసుకుని మరీ పలకరిస్తున్నారు.

అత్తయ్యకి మాత్రం వాసన కంటే భయం ఎక్కువగా ఉంది. వీధి వీధంతా ఆవిడని ఫినాయిలత్తయ్య అంటుంది, చాటుగానే అనుకోండి. ఆవిడ శుభ్రం అలాంటిది. అయితే ఏడాదిగా ఆ శుభ్రం వెనక ఇంకో సంగతి ఉంది. వయసు మీద పడి, బాత్‌రూమ్ దాకా వెళ్లేలోపే ఒక్కోసారి చీర తడిసిపోతోంది. గుట్టుగా చీర ఉతుక్కుని, గది కడుక్కుని, వీధి చివర కొట్లో తనే కొనుక్కొచ్చిన ఫినాయిలు రోజుకో సీసా చొప్పున గుమ్మరించేస్తోంది. ఇది బయటపడితే ఈ ఇంట్లో తలెత్తుకుని తిరగ్గలనా అన్నదే ఆవిడ దిగులు.

సెప్టిక్ టాంకు మేస్త్రి వచ్చి పెరట్లో సిమెంటు మూత లేపాడు. వంగి చూశాడు, వాసన చూశాడు, మళ్లీ వంగాడు. అత్తయ్య గుమ్మం చాటునుంచి చూస్తోంది.

"ఇదేంటి బాబూ, టాంకులో ఆస్పత్రి వాసనొస్తోంది?" అన్నాడు ఆవిడ కొడుకుతో. "మురికిని తినేసే పురుగులన్నీ చచ్చిపోయాయి. కరగాల్సిందంతా కరక్కుండా వెళ్లి, నీళ్లు ఇంకే గొట్టాల్లో పేరుకుపోయింది. ఇక నీళ్లెటు పోతాయి? పైకి తన్నుతున్నాయి. టాంకు ఖాళీ చేసి, గొట్టాలు తవ్వి కొత్తవి వేస్తాను. కానీ ఇంత ఫినాయిలు పోసేదెవరో ముందు తేల్చుకోండి. లేకపోతే ఆర్నెల్లకి మళ్లీ నన్నే పిలుస్తారు. నాకేం, వస్తాను!"

కొడుకు మొహం కందగడ్డలా అయింది. భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నీకెన్నిసార్లు చెప్పాను, అన్నీ అలా గుమ్మరించొద్దని?"

"నేను పొయ్యలేదండీ."

"నువ్వు కాకపోతే ఆకాశంలోంచి ఊడిపడిందా?"

అత్తయ్య లెక్క వేసుకుంది. తను ఊరుకుంటే సరిపోతుంది. కోడలు రెండు మాటలు పడుతుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది. లోకంలో అత్తగార్లకి ఇదేం కొత్త విద్య కాదు. కానీ ఆ పిల్ల అటు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చీర తడిసిన రోజున కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

"దాన్నేం అనకురా. పోసింది నేను."

"నువ్వా? ఎందుకమ్మా అంత?"

"నా దగ్గర వాసన రాకూడదని. ఆగడం లేదురా నాకు. గదిలోనే అయిపోతోంది."

మేస్త్రి చటుక్కున టాంకు మీదకి వంగి, అందులో కొత్తగా చూడ్డానికేమీ లేకపోయినా మహా శ్రద్ధగా చూడసాగాడు.

కోడలు బురదలోంచి నడిచొచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఏడాదిగా మీ గదిలో కాలు పెట్టనివ్వకపోతే, నేనంటే గిట్టకే అనుకున్నానత్తయ్యా," అంది.

అప్పటిదాకా బిగబట్టుకున్న అత్తయ్య, ఆ చెయ్యి వదలకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.