పీపా దగ్గరి నవ్వు

శాండ్‌విచ్‌ల అంచులు కోస్తుంటే పెరట్లోంచి నవ్వులు వినబడ్డాయి. ఏటా ఏప్రిల్లో యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే యాన్జాక్ కవాతు అయ్యాక, మా ఆయన క్లారీతో యుద్ధ విమానాలు నడిపిన స్క్వాడ్రన్ వాళ్లంతా మా ఇంటికే వస్తారు. మగవాళ్లు బీరు పీపా చుట్టూ, ఆడవాళ్లం వంటింట్లో. ఆ గీత ఎవరు గీశారో తెలియదుగానీ, ఎవరూ దాటరు.

"మెర్విన్‌గాడు తలకిందులుగా..." అన్నారెవరో. నా చేతిలో కత్తి ఆగింది. మెర్విన్ నా తమ్ముడు. న్యూగినీలో, మిల్న్ బే దగ్గర, కిట్టీహాక్ విమానంతో సహా బురదలో కూలి చనిపోయాడు. మాకు వచ్చింది ఒక్క టెలిగ్రాం. నిజం చెప్పాలంటే, వాడి పక్కన విమానం నడిపిన మనిషన్న కారణంతో కూడా క్లారీని చేసుకున్నాను. వాడి కబుర్లు చెబుతాడని ఆశ. పెళ్లైన కొత్తలో అడిగితే, "యుద్ధం ఊసెత్తకు థెల్మా, తట్టుకోలేను" అన్నాడు. "మగాడి గాయం కెలక్కూడదమ్మా. కడుపునిండా పెట్టు, ఊరుకో" అంది అత్తగారు. నమ్మాను. ఏడేళ్లు తలుపు చప్పుడు కాకుండా వేశాను, పిల్లల నోళ్లు నొక్కాను. నా తమ్ముడి కోసం ఏడుపొస్తే స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇదిగో, కిటికీలోంచి చూస్తే, ఆ తట్టుకోలేని మనిషి పీపాకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ మౌనం నా ఒక్కదానికేనని తెలిసి ఒళ్లు మండిపోయింది.

పళ్లెం తీసుకుని వెళ్లాను. మాటలు ఠక్కున ఆగాయి.

"అదిగో, తిండొచ్చింది!" అన్నాడు లిండ్సే, వాళ్లలో వాగుడుకాయ.

"అక్కడ పెట్టి వెళ్లు. ఇవి ఆడవాళ్లు వినేవి కావు" అన్నాడు క్లారీ. పోయినేడూ అదే మాట. పోయినేడు వెళ్లిపోయాను.

ఈసారి పళ్లెం గడ్డిలో పెట్టి, బోర్లించిన సీసాల పెట్టె మీద కూర్చున్నాను.

"ఏం థెల్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది లిండ్సే. మా మెర్విన్ తలకిందులుగా ఏం చేశాడు?"

"వాడు పోయిన సంగతి ఇప్పుడెందుకు?" అని గొణిగాడు క్లారీ.

"వాడు నవ్వించిన సంగతి అడుగుతున్నా. వాడు మీకు ఒక్క వానాకాలం నేస్తం. నాకు పుట్టిన దగ్గర్నుంచీ తమ్ముడు. నవ్వండి. నన్నూ నవ్వనివ్వండి."

వంటింట్లోంచి ఎవరో, టీ నీళ్లు పొంగిపోతున్నాయని కేకేశారు. నేను లేవలేదు.