సంత మైకులో సోని

హైమ అమ్మే సరుకు గొంతు. బట్టల షోరూముకైనా, పురుగుమందుల కొట్టుకైనా, ఎన్నికలొస్తే ముందు అడిగిన పార్టీకైనా ఆటో మీద మైకు కట్టుకుని ప్రచారం చేసిపెడుతుంది. సారపాక నుంచి అడవి అంచు పల్లెల దాకా ఆమె గొంతు ఎరగని ఇల్లు లేదు. ముఖం ఎరిగిన ఇళ్ళు మాత్రం తక్కువే. ఈమధ్య ఆ సరుకు అరిగిపోతోంది. సాయంత్రానికల్లా గొంతులో ఇసుక పోసినట్టుంటుంది. కొన్నాళ్ళు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. షట్టరు దించితే వ్యాపారం ఎలా నడుస్తుందని నవ్వబోయి, ఆ నవ్వుకే దగ్గింది.

అలాంటి రోజుల్లో సోని వచ్చింది. తండా పిల్ల, ఇంటర్ మొదటి సంవత్సరం, భద్రాచలంలో కాలేజీ. తనూ ఇంకో ముగ్గురు ఆడపిల్లలూ కలిసి ఫోన్లో ముచ్చట్లు రికార్డు చేసి, తమ ఈడు పిల్లలకి పంపుతుంటారట. నెలసరి గురించి, ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగమొస్తుందనీ, పెళ్ళిచూపులొద్దని ఇంట్లో ఎలా చెప్పాలనీ. ఈసారి ముచ్చట బస్సు మీద. పొద్దుటి బస్సు పైనుంచే నిండిపోయి వస్తూ, తండా మలుపులో ఆగడం లేదు.

"ఫోన్ల మా అసొంటోళ్లే ఇంటున్నరు ఆంటీ. బస్సుల కూసునేటోళ్లు ఇనాలె. సంతల నీ మైకుల ఏస్తవా?"

"వేస్తే ఏమొస్తుందే?"

"మా నాయిన శనివారం దాక చూస్త అన్నడు. గప్పటికి బస్సు ఆగకపోతె కాలేజీ బంద్. మిర్చి ఏరనీకి తోల్తడు. పరీక్షలు దగ్గరకొచ్చినయ్ ఆంటీ."

హైమ మనసులో బేరీజు వేసుకుంది. ప్రకటనకీ ప్రకటనకీ మధ్య తను మంచినీళ్ళు తాగే సందు ఎలాగూ ఖాళీయే. సరేనంది.

కానీ రికార్డింగు వింటే సన్నటి గొంతు, గాలి హోరు, వెనక మేక అరుపు. ఈ సరుకు ఎవరు కొంటారు? అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. పిల్లల మాటలు తనే చదివి, వెనక సంగీతం కలిపి, నున్నగా తయారుచేసింది.

శుక్రవారం సంతలో అది వేసింది. ఒక్క తల కూడా తిరగలేదు. చాలాసేపటికి చంకన పిల్లాడితో ఒకామె ఆటో దగ్గరికొచ్చింది.

"ఆడపిల్లలకు ఆఫరంట గద. ఏ షాపుల?"

ఆమె వెనకే ఒక పెద్దాయన. "కొత్త ట్రావెల్సా అమ్మా? హైదరాబాదుకి ఎంత?"

ఆటో పక్కన నిలబడ్డ సోని ముఖం మాడిపోయింది. "ఆంటీ, నువ్వు ఏం చెప్పినా చీరెలమ్మినట్లే ఇనొస్తది."

హైమకి చురుక్కుమంది. కాసేపటికి ఆ మాట నిజమే అనిపించింది. ఇన్నేళ్ళూ రోజూ అరిచి అరిచి, తన మాట వినకుండా ఉండటం జనానికి తనే నేర్పింది. ఇంతకాలపు వ్యాపారంలో మిగిలింది ఇదా?

మైకు తీసి సోని చేతిలో పెట్టింది. "అందరికీ చెబితే ఎవరూ కొనరు. ఒక్కళ్ళని పట్టుకో."

సోని మైకు నోటి దగ్గర పెట్టుకుంది. కళ్ళు సంతంతా తిరిగి చింతపండు గంపల దగ్గర ఆగాయి. చింతపండు అమ్మే జంపక్క పై ఊరి నుంచి ఈ సీజన్లో రోజూ ఆ పొద్దుటి బస్సులోనే సరుకు అమ్మకానికి తెచ్చుకుంటుంది.

"జంపక్కా! ఓ చింతపండు జంపక్కా!"

ఈసారి సంత మొత్తం తిరిగింది. జంపక్క తూకం ఆపింది.

"నీ గంప కనపడితె బస్సు ఆగుతది. నేను చెయ్యి ఊపితె ఆగదు. నువ్వు కిటికీల నుంచి చూసుకుంట పోతవ్. నీ గంప కన్న తక్కువనా నేను?"

జనం గొల్లున నవ్వారు.

"ఓ పిల్లా, నా మీద పడ్డవేంది? బస్సు నేను తోల్తున్ననా?"

"తోలవ్. నోరుంది గద!"

"దాని నోరుకు డ్రైవరేంది, ఇంజనే ఆగుతది!" అన్నాడు ఉల్లిగడ్డలతను.

"నీ ఉల్లిగడ్డలు చూసుకోరా, మురిగిపోతున్నయ్!" అంది జంపక్క. మళ్ళీ నవ్వులు.

సోని నవ్వలేదు. "రేపు బస్సు ఆగకపోతె చేనుకి పోవాలె అక్కా. నాకు చదువుకోవాలనుంది." ఆ తర్వాత మైకులో ఊపిరి మాత్రమే వినపడింది. తక్కెళ్ళ చప్పుడు కూడా ఆగింది.

అంతలో హైమ ఫోను మోగింది. బట్టల షోరూం యజమాని మురళీకృష్ణ.

"ఏంటి హైమగారూ, పెళ్ళిళ్ళ సీజన్లో మా ప్రకటన ఆపేసి ఎవరో పిల్లతో పోట్లాట పెట్టించారట?"

"గొంతు పోయిందండీ."

"గొంతు పోతే ఎలాగండీ? మేం ఇంకో గొంతు చూసుకుంటాం." పెట్టేశాడు. హైమ గోరువెచ్చటి నీళ్ళు ఒక గుక్క తాగింది. ఆయన మీద కోపం కూడా రాలేదు, అంత అలసటగా ఉంది.

మర్నాడు పొద్దున్నే తండా మలుపుకి ఆటో తీసుకెళ్ళింది. ఆ దారిలో ఆమెకి పనేం లేదు. పిల్లలు బ్యాగులతో నిలబడ్డారు. సోని తండ్రి బిచ్యా తలకి తువ్వాలు చుట్టుకుని, చేనుకి పోయే మనిషిలా కాస్త ఎడంగా ఉన్నాడు.

బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు దాకా జనం. సోని చెయ్యి ఎత్తింది. బస్సు వేగం తగ్గకుండా వాళ్ళని దాటిపోయింది. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇగ నడువ్," అన్నాడు బిచ్యా.

అప్పుడు బస్సు లోపల నుంచి కేక. "ఆపుతవా, గంప నీ నెత్తిన గుమ్మరియ్యాల్నా?" ఒకటి తర్వాత ఒకటి, ఇంకా కొన్ని ఆడగొంతులు. అల్లంత దూరాన బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. పిల్లలు దుమ్ములో పడి పరుగెత్తారు. సోని ఎక్కింది. వెనక్కి చూడటానికి కూడా లోపల చోటు లేదు.

బిచ్యా హైమ వైపు తిరిగాడు. "ఇయ్యాల ఆగింది. సోమారమో?"

హైమ గొంతు ఈ పొద్దున అసలే పలకడం లేదు. లోలోపలే లెక్క చూసుకుంది. చింతపండు సీజన్ పరీక్షల దాకా ఉంటుంది. ఆ తర్వాత జంపక్క రోజూ ఈ బస్సెక్కదు. అప్పుడు పట్టుకోవడానికి ఇంకొకళ్ళు కావాలి. చేత్తో మైకు వైపు చూపించి, మళ్ళీ శుక్రవారం సంతలో అడుగుతామన్నట్టు తల ఊపింది.

బిచ్యా తలకి తువ్వాలు బిగించుకున్నాడు. "సరే తియ్. పరీక్షల దాక పోనీ." చేను వైపు ఒక్కడే నడిచాడు.

మైకు బ్యాటరీ దిగిపోయింది. ఇంటికెళ్ళి ఛార్జింగు పెట్టాలి.