గులాబీ బామ్మకు పళ్ళ సెట్టు

మా అమ్మమ్మకు ఫోన్ కొనిచ్చినవాళ్ళను పట్టుకుని తన్నాలి. కొనిచ్చింది నేనే.

నేను పనికి వెళ్ళాక గోడలు చూస్తూ కూర్చుంటోందని కొన్నాను. నెల తిరక్కుండా ముసలిది ఆరితేరిపోయింది. వార్తలు చదివే కుర్రాడి వీడియో కింద 'చిక్కిపోయావు నాయనా, వేళకు తింటున్నావా' అని రాసేది. బ్యాంకు ప్రకటన కింద 'నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి' అని దీవించేది. ఒకసారి ఎవరో పోయారని ఇంటివాళ్ళు ఫొటో పెడితే, దాని కింద చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టింది. ఇదేం పనే అంటే, "దండం అనుకున్నానే! అంత చిన్న బొమ్మలు గీస్తే ఎవరికి కనబడతాయి?" అని నామీదే ఎగిరింది.

పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. మాకు నవ్వు దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. వాడు, అంటే నా మొగుడు, నా ముందరి పళ్ళు రెండు రాలగొట్టిన రోజున కట్టుబట్టలతో బయటపడ్డాను. ఎక్కడున్నా వెతికి పట్టుకుని చంపుతానని వాడు కనబడిన వాళ్ళందరికీ చెప్పుకు తిరిగాడు. పోలీసులు ఫిర్యాదు రాసుకుని, జాగ్రత్తగా ఉండమ్మా అని పంపేశారు. ఆమాత్రం సలహా నాకు నేనే చెప్పుకోగలను. మా అమ్మ పోయి చాలాకాలమైంది కాబట్టి, అమ్మమ్మే తన సంచీ సర్దుకుని నా వెంట వచ్చేసింది. ఊరు మారాం. ఒక్క గది అద్దెకు తీసుకున్నాం. నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనికి కుదిరాను.

నా ఫొటోగానీ ఊరి పేరుగానీ ఫోన్లో ఎక్కడా పెట్టొద్దని అమ్మమ్మకు చిలక్కు చెప్పినట్టు చెప్పాను. "నాకామాత్రం తెలీదా?" అంది. పాపం, మాట మీద నిలబడింది కూడా. నా ఫొటో ఒక్కటీ పెట్టలేదు.

తన పళ్ళ ఫొటో పెట్టింది.

ఆ సెట్టు నేను చేసిందే. ఆమె దవడ అచ్చు ప్లాస్టరుతో పోసి, మైనం మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చిగురు అంచులు గుచ్చుకోకుండా అరగదీసి ఇచ్చాను. పెట్టుకున్నాక అద్దం ముందు నుంచి కదల్లేదు. ముఖం చేటంత చేసుకుని ఫొటో దిగి, 'మా మనవరాలి చేతి పని. ఇక రాయైనా పిండి కావాల్సిందే' అని రాసి లోకమంతటికీ చూపించింది.

అప్పుడే గులాబీ బామ్మ తగిలింది. ముఖానికి బదులు గులాబీ పువ్వు పెట్టుకున్న ఎవరో పెద్దావిడ. 'అక్కా, ఎంత బాగున్నాయి! నా పాత సెట్టు వదులై నోట్లో తిరుగుతోంది, చిగుళ్ళు పుండ్లు పడ్డాయి' అని రాసింది. ఇంకేముంది, ఇద్దరూ పొద్దస్తమానం ఒకటే ముచ్చట్లు. నేను చెప్పులు విప్పకముందే అమ్మమ్మ అందుకునేది.

"గులాబీకి రాత్రంతా నిద్ర లేదటే. మెత్తగా వండమంటే కోడలు కసురుకుంటోందట. దాని నోరు పడ!"

"ఇంకేం, చెల్లెలు దొరికింది నీకు," అని ఆటపట్టించేదాన్ని.

ఒక మధ్యాహ్నం మూతికి గుడ్డ కట్టుకుని, తిరిగే చక్రం మీద ఒక సెట్టుకు మెరుగు పెడుతున్నాను. ఎవరో అడుగుతున్నారని ఓనరమ్మ పిలిచింది. వెళ్తే కౌంటరు మీద మోచేతులాన్చి వాడు.

"పళ్ళ సెట్టు కావాలండీ," అన్నాడు నవ్వుతూ. "గులాబీ బామ్మకి. మందుల షాపు పక్క మెట్లు, పైన కుడిచేతి తలుపు. మీ అమ్మమ్మ ఎంత చక్కగా దారి చెప్పిందో!"

వాడు రాలగొట్టిన చోట పెట్టుకున్న కొత్త పళ్ళను నా నాలుక తడుముకుంటోంది. నా కథంతా తెలిసిన ఓనరమ్మ, పొయ్యి మీద కరుగుతున్న మైనం గిన్నె పట్టకారుతో ఎత్తి పట్టుకుని కౌంటరు అవతలికి నడిచింది. "మెట్లు దిగుతావా, నెత్తిన పొయ్యనా?" అంది.

"తొందరేం లేదండీ. ఇల్లు కూడా తెలుసు," అని వాడు దిగిపోయాడు.

వెనక మెట్ల మీంచి దిగి, సందులు పట్టి ఇంటికి పరిగెత్తాను. అమ్మమ్మ గుమ్మంలోనే ఉంది.

"గులాబీ వచ్చిందా? ఇవాళ మీ ల్యాబుకు వస్తానంది. ముందే చెబితే వద్దంటావని నీకు చెప్పలేదే. మనిషి ఎలా ఉంది?"

"గులాబీ లేదు, గాడిద గుడ్డూ లేదు!" అని అరిచాను. "వాడే! నీతో రోజూ కబుర్లు చెప్పింది వాడే! నీ ముఖం వాడికి తెలీదా? నీ ఫొటో పట్టుకుని వచ్చేశాడు!"

ఆమెకు వెంటనే ఎక్కలేదు. "చిగుళ్ళ నొప్పి సంగతి వాడికెలా తెలుసే?" అంది.

"మునుపు నీ ఇంటికొచ్చినప్పుడల్లా నీ సణుగుడు విన్నాడుగా. ఇంటి దారి కూడా చెప్పావా?"

"రేపు భోజనానికి రమ్మన్నాను," అంది. "మెత్తగా వండి పెడతానన్నాను."

ఆ క్షణంలో ఆమెను కొట్టాలనిపించింది. నా చెయ్యీ వాడి చెయ్యిలా లేస్తుందేమోనని భయం వేసి, గబగబా సంచీ సర్దడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రానికల్లా ఓనరమ్మ ఇంకో ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళ దగ్గర నాకు పని మాట్లాడింది. ఉన్నది ఒకే మంచం, అదీ పనిచేసే చోటే. అమ్మమ్మను తన ఇంటికి తీసుకెళ్ళడానికి మా పెద్దమ్మ బస్టాండుకు వచ్చి, టికెట్ల వరసలో నిలబడింది. మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"అమ్మమ్మా, జాగ్రత్తగా విను. నేను వెళ్ళే ఊరు..."

చటుక్కున నా నోరు మూసింది. "చెప్పకు తల్లీ. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరైనా వచ్చి నొప్పి అన్నారంటే కరిగిపోతాను. ఈ ఫోన్ కూడా తీసుకుపో."

"నీకు పొద్దు పోవద్దా?"

"నువ్వు పనికి పోతే రోజంతా నాతో మాట్లాడింది ఆ గులాబీ ఒక్కతే. వాడేనని తెలిశాక కూడా, గులాబీ తిన్నదో లేదో అనిపిస్తోందే. తూ, నా బతుకు!"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు. ఫోన్ తీసి నా సంచీలో పడేసుకున్నాను.

నా బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. దాని బోర్డు మీద ఊరి పేరు కంటపడకుండా అమ్మమ్మ బల్ల మీదే గోడవైపు తిరిగి కూర్చుంది. ఎక్కి, కిటికీలోంచి పిలిచాను. తిరగలేదు.