ఎర్రచుక్క పడ్డవి

నా కంచం నేనే కడుక్కుని, నా గ్లాసు నేనే బోర్లించుకుంటుంటే నవ్వొచ్చింది. పదహారేళ్ళు ఇంటిల్లిపాది అంట్లూ తోమాను. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే రోజుల్లో కూడా వంట చేసి పెట్టి వెళ్ళి, నాలుగు గంటలు సూదులు గుచ్చించుకుని పడుకుని, తిరిగొచ్చి సింకు ముందు నిలబడేదాన్ని. ఇప్పుడు నా ఒక్కదానివే. మిగతావి ముట్టుకోనివ్వరు.

దీనంతటికీ మూలం నర్సు చెప్పిన ఒక్క మాట. "టూత్‌బ్రష్, గోళ్ళ కట్టర్ వేరుగా ఉంచుకోండి. రక్తం తగిలేవి అవే. ఏదైనా గుర్తు పెట్టుకోండి" అంది. అత్తయ్య నా సొరుగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ తీసి బ్రష్ మీద చుక్క పెట్టింది. మర్నాడు గ్లాసు మీద పెట్టింది. ఆ తర్వాత కంచం, కుర్చీ, బకెట్.

"కంచానికి అక్కర్లేదత్తయ్యా, ముట్టుకుంటే వచ్చేది కాదది" అన్నాను.

"నీకేం, కోరి తెచ్చుకున్నదానివి. జాగ్రత్తపడాల్సింది మేం కదా" అంది.

కోరి తెచ్చుకున్న మాట నిజమే, సంతకం పెట్టింది నేనే. మా ఆయన కిడ్నీ నాకు సరిపోతుందని పరీక్షల్లో తేలింది. "ఇంటికి దీపంలాంటివాడు, వాడికేమైనా అయితే?" అంది అత్తయ్య. ఇంటికి దీపం ఇల్లాలు అంటారు. ఆ రోజు మాత్రం దీపం చేతులు మారింది. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అదే ఇవ్వాల్సింది నేనైతే ఆపరేషన్ తేదీ కూడా వాళ్ళే పెట్టేసేవాళ్ళు.

మూడేళ్ళు ఎదురుచూశాక డాక్టరు పిలిచాడు. చనిపోయిన ఒకావిడ కిడ్నీ ఉందన్నాడు. "ఆవిడకు హెపటైటిస్ సి ఉంది. కిడ్నీతో పాటు ఆ వైరస్ మీకూ వస్తుంది. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ పోతుంది. వద్దంటే ఇంకో నాలుగేళ్ళు ఆగాల్సి రావచ్చు."

"రోగమున్నది ఎందుకండీ? ఆగుదాం" అన్నారు మా ఆయన.

ఆగేది ఆయన కాదు. కాగితం నా వైపు లాక్కున్నాను.

కొత్త కిడ్నీని వీపు వైపు పెట్టరు. ముందు, పొత్తికడుపులో, కుడిపక్కన పెడతారు. పాతవి రెండూ అలాగే ఉంటాయి. మధ్యాహ్నం పడుకుని చేయి వేస్తే చర్మం కిందే తగులుతుంది, గుప్పెడంత. కిడ్నీ ఇచ్చినావిడ గురించి ఆస్పత్రిలో అడిగితే "ముప్పై ఎనిమిదేళ్ళు. అంతకన్నా చెప్పకూడదు" అన్నారు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. అందుకే అక్కా అని పిలుస్తున్నాను. నీక్కూడా గ్లాసు వేరుగా పెట్టారా అక్కా, అని ఒకరోజు అడిగాను. చేతి కింద మెల్లగా వేడెక్కింది. భయమేసింది. అయినా చేయి తీయలేదు.

ఆ వారమే కిటికీ గడియ మీద చుక్క కనపడింది. అత్తయ్య పనే అనుకున్నాను. తర్వాత రేడియో మీద, మా ఆయన పడక్కుర్చీ మీద, నేను పడుకునే గది తలుపు మీద. చుక్క పడ్డదాన్ని ఇంకెవరూ ముట్టుకోరు కాబట్టి కిటికీ నాదైంది, రేడియో నాదైంది. పదహారేళ్ళలో ఇది నాది అనుకున్న వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

"నా కుర్చీక్కూడానా అమ్మా?" అని ఆయన విసుక్కోవడం వినపడింది.

"నేను పెట్టలేదురా. నువ్వే పెట్టావనుకున్నాను" అంది అత్తయ్య.

ఒకరోజు అద్దం మీద కూడా చుక్క కనపడింది. ఎదురుగా నిలబడితే అది నా తలకు నాలుగు వేళ్ళు పైన ఉంది. ఎవరో పొడుగు మనిషి ముఖం ఉండాల్సిన చోట. మా ఇంట్లో అంత పొడుగువాళ్ళు లేరు, ఆయనా నా ఎత్తే.

మాత్రలు అయిపోయిన మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. వైరస్ లేదు. ఇంట్లో చుక్కల సంగతి చెబితే నర్సు నెత్తి కొట్టుకుంది. "మీరు వాడే మందులకి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వాళ్ళ జలుబులూ దగ్గులూ మీకు అంటకుండా చూసుకోవాలమ్మా. భయపడాల్సింది మీరు" అంది.

అత్తయ్య ఆనందం పట్టలేక దూదీ, పాలిష్ తుడిచే సీసా ముందేసుకుని కూర్చుంది. కంచం నుంచి అద్దం దాకా అన్నీ తుడిచింది. ఎర్ర సీసాను చెత్తబుట్టలో పడేసింది. "హమ్మయ్య, పీడ వదిలింది. రేపటి నుంచి నీ వంటిల్లు నీదేనమ్మా" అంది. ఆయన పడక్కుర్చీలో కాళ్ళు చాపి, "నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళైందో" అన్నారు. పెట్టిచ్చాను. జబ్బు నయమైనందుకు ఏడుపొచ్చిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

మర్నాడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అత్తయ్య కేకకు మెలకువ వచ్చింది. చుక్కలు తిరిగొచ్చాయి. కిటికీ, రేడియో, పడక్కుర్చీ, అద్దం, గది తలుపు. ఇంకా తడి ఆరలేదు. చెత్తబండి పొద్దున్నే వచ్చి బుట్ట ఖాళీ చేసుకుని వెళ్ళిపోయింది. నా చూపుడువేలి కొన ఎర్రగా ఉంది. పొత్తికడుపులో కుడిపక్కన వెచ్చగా ఉంది. ఈసారి నాకు భయం వేయలేదు.

"ఎవరు పెట్టారివి?" ఆయన అడిగారు.

చేయి కడుపు మీద వేసుకున్నాను.

"మేమే" అన్నాను. "వంటింట్లో మాత్రం ఒక్కటీ పెట్టలేదు, వెళ్ళి చూసుకోండి. అది మీది."