మాస్టారు దాటేసిన గడి

నేను ఒక అట్టచక్రాన్ని. సరిగ్గా చెప్పాలంటే ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు చక్రాలను. చీరలపెట్టె అట్ట మీద అన్నం పళ్లెం బోర్లించి, చుట్టూ గీసి, కత్తిరించి నన్ను చేసింది హైమావతి టీచరు. నేను తిరగాలంటే నడుమ ఒక గుండీ కావలసి వచ్చింది. ఆవిడ ఎక్కడా వెతకలేదు. దండెం మీద ఆరుతున్న భర్తగారి చొక్కాకు పై గుండీ కోసేశారు. మర్నాడు త్రివిక్రమం మాస్టారు మెడ దగ్గర పిన్నీసు పెట్టుకుని బడికి వచ్చారు. ఆయన ఆ బడిలోనే తెలుగు మాస్టారు.

నా బయటి చక్రం మీద మనుషులు రోజూ చేసే పనులు రాసి ఉంటాయి. తలుపు వెయ్యడం, పళ్లెం కడగడం, కోడికి మేత వెయ్యడం, పాట పాడటం, ఇలాంటివి. లోపలి చక్రం మీద చిన్న చిన్న సాయపు మాటలుంటాయి. నన్ను తిప్పి వదిలితే ఒక మాట ఒక పనికి ఎదురుగా వచ్చి ఆగుతుంది. ముందు 'ఐ' అనో 'యూ' అనో తగిలించుకుంటే ఇంగ్లీషు వాక్యం తయారు. పని ఎప్పుడూ అదే. పక్కకు చేరిన మాటను బట్టి దాని తీరు మారిపోతుంది. మస్ట్ చేరితే తలుపు వెయ్యమనే మాటకు లాఠీ మొలుస్తుంది. మే చేరితే అదే మాట గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడుతుంది. కుడ్ కొత్త అల్లుడిలా మొహమాటపడుతుంది. షుడ్ అడగకుండానే సలహాలిచ్చే మేనమామ. మైట్ అనే మాట కూడా ఉంది కానీ దాని సంగతి వేరు.

హైమావతి టీచరు ఆరో తరగతికి ఒక నియమం పెట్టారు. నా మీద వచ్చిన వాక్యాన్ని ఊరికే చదివితే చాలదు, ఆ పని చేసి చూపించాలి. ఒకరోజు 'యూ మస్ట్ ఫీడ్ ద హెన్' అని పడింది. లోవలక్ష్మి అనే పిల్ల లేచి ఇంటికి పరిగెత్తి, మధ్యాహ్నం భోజనాల వేళకి రొప్పుతూ తిరిగొచ్చింది.

"మా కోడి కనపళ్లేదండి టీచరుగారండీ. ఎదురింటోళ్ల కోడికి ఏసొచ్చేనండి. పర్లేదాండీ?"

ఆ ఏడు దసరా సెలవులన్నీ హైమావతి టీచరు ఆసుపత్రిలోనే గడిపారు. అక్కడినుంచి ఇంటికి రాలేదు.

బడి తెరిచాక హెడ్మాస్టరు జకరయ్యగారు త్రివిక్రమం మాస్టారిని పిలిచారు. "కొత్త ఇంగ్లీషు టీచరు వేసవి తరవాతే వస్తారటండి. అప్పటిదాకా ఆరో తరగతిని కాలువ అవతలి బడిలో కలిపేస్తారంట."

"నేను చెబుతానండి."

"మీరా! ఇంగ్లీషా!"

"ఆవిడ సగంలో ఆపారు. అక్కడ కలిపితే మళ్లీ మొదటినుంచి మొదలెడతారు. మిగిలిన సగం నేను చెబుతాను."

జకరయ్యగారు కాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు. "సరేనండి. కానీ అధికారి వచ్చి చూసి ఊఁ అనాలి. ఆయన పెదవి విరిస్తే నా చేతిలో ఏం లేదు."

అలా నేను మాస్టారి చేతికి వచ్చాను. ఆయన జీవితమంతా పద్యాలు చెప్పిన మనిషి. 'యూ మస్ట్ వాష్ యువర్ ప్లేట్' అన్న ముక్కను సీసపద్యంలా సాగదీసి, చివర రాగం తీసేవారు. పిల్లలూ అదే రాగం అందుకునేవారు. దారిన పోయేవాళ్లు ఆరో తరగతిలో హరికథ నడుస్తోందనుకునేవారు.

ఒక్క సంగతి మాత్రం నాకు మొదటిరోజే అర్థమైంది. నేను తిరిగి తిరిగి మైట్ దగ్గర ఆగబోతే ఆయన బొటనవేలు నన్ను ఒక గడి ముందుకు తోసేసేది. ఎందుకో జకరయ్యగారితో చెబుతుంటే విన్నాను. ఆసుపత్రిలో డాక్టరుగారు రోజూ ఆ మాటే వాడారట. షీ మైట్ ఓపెన్ హర్ ఐస్. కళ్లు తెరవచ్చు.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారి బోసుబాబుగారు పిల్లల భోజనం రుచి చూసి, ఖాళీ పళ్లెం కిటికీలో పెట్టి, తరగతిలో కుర్చీ వేయించుకున్నారు. పిల్లలు రాగం తీస్తుంటే ఆయన కనుబొమలు పైకి లేచి, పాఠం నడిచినంతసేపూ అక్కడే ఉండిపోయాయి. చివరికి నన్ను స్వయంగా తీసుకుని తిప్పారు. మస్ట్ వచ్చి పళ్లేనికి ఎదురుగా ఆగింది.

లోవలక్ష్మి లేచి ఆయన వైపే వేలు చూపించి రాగం తీసింది. "యూ మస్ట్ వాష్ యువర్ ప్లేట్!"

"బాగా చదివావు. కూర్చో."

"చదివితే సరిపోదండి. కడగాలండి. తిప్పింది మీరే కదండీ."

జకరయ్యగారి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. బోసుబాబుగారు కిటికీలో పళ్లెం చూశారు, పిల్లలను చూశారు, లేచారు. కుళాయి దగ్గర ఆయన పళ్లెం కడుగుతుంటే తరగతి మొత్తం గుమ్మంలో నిలబడి చూసింది.

"అడుగున జిడ్డు పోలేదండి," అన్నాడు వెనకబెంచీ కుర్రాడొకడు.

ఆయన తడి చేతులతో తిరిగొచ్చి, కాస్త కోపంగానే నన్ను గిర్రున తిప్పారు. నా ఖర్మ, మైట్ వచ్చి పాట పాడటానికి ఎదురుగా ఆగింది. ఈసారి తోసెయ్యడానికి మాస్టారి బొటనవేలు లేదు.

"చదవండి."

పిల్లలంతా లోవలక్ష్మి వైపు తిరిగారు.

"ఇది మాకు రాదండి," అంది లోవలక్ష్మి. "మాస్టారు ఆ గడి దాటించేత్తారండి."

"ఎందుకని?" అన్నారు అధికారి.

జకరయ్యగారు ఏదో సర్దిచెప్పబోతే మాస్టారు చేత్తో వారించారు. "రాయాల్సినవన్నీ ఆవిడ రాశారండి. చెప్పంది నేనే. ఇప్పుడు చెబుతాను."

ఆయన బల్ల ముందుకొచ్చి నిలబడి, గొంతు సవరించుకుని, పాడబోయేవాడిలా నోరు తెరిచారు. తెరిచి అలాగే ఆగిపోయారు. రాగం రాలేదు, నోరు మూయనూ లేదు.

"పాడతారాండీ?" అన్నాడొకడు.

"ఎహె, పాడర్లేరా."

"పాడతారొరేయ్, గొంతు సవరించేరు కదా!"

"మాస్టారండీ, ఏదో ఒకటి తేల్చండి బాబూ! ఊపిరాడట్లేదండి!"

లోవలక్ష్మి మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది. "నాకు తెలిసిందండి. పాడేత్తే అది మైట్ కాదండి. నోరు మూసేసినా కాదండి. అలా తెరుచుకుని ఉన్నంతసేపే అండి."

మాస్టారు నోరు మూశారు. "అంతేనమ్మా," అన్నారు మెల్లగా. "ఉన్నంతసేపే."

బోసుబాబుగారు నన్ను రెండు చేతులతో బల్ల మీద పెట్టారు. "తరగతి ఇక్కడే ఉంటుంది మాస్టారూ. ఆ రాగం ఒక్కటి తగ్గించండి."

రాగం తగ్గలేదు. వేసవి సెలవులకు ముందురోజు నా మీద చెప్పవలసిన ఆఖరి వాక్యం కూడా అయిపోయింది. మాస్టారు నన్ను మేకుకు తగిలించి పిల్లల వైపు తిరిగారు. "ఇక్కడితో హైమావతి టీచరు పాఠం పూర్తయింది."

ఆ పేరు ఆయన నోట తరగతిలో వినడం అదే మొదలు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"సెలవులయ్యాక మరేం చెప్తారండీ?" అంది లోవలక్ష్మి.

"ఇంగ్లీషుకు కొత్త టీచరుగారు వస్తారు. నేను మళ్లీ మీకు పద్యాలు చెబుతాను. రోజుకొకటి, కంఠతా."

"అయిబాబోయ్! పద్యాలాండీ!" తరగతంతా ఒక్కసారిగా గోలెత్తింది.

మాస్టారు నవ్వారు. బల్ల పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, గట్టిగానే నవ్వారు. అంతకుముందు నేను ఆ నవ్వు ఎరగను. నన్ను చేసినావిడకు మాత్రం బాగా తెలిసే ఉండాలి.