ఓర్పుకు వేసిన అంకె

కంప్యూటర్ లెక్క పూర్తి కావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాల్లో అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తగారికి మాత్రలిచ్చి, వంట సగం కానిచ్చి వచ్చి కూర్చుంటాను. "చేసేదంతా ఆ డబ్బానే కదమ్మా, నువ్వు అలిసిపోవడమేంటి?" అంటారావిడ. భూకంపం వస్తే ఎనిమిదంతస్తుల భవనం ఎలా ఊగుతుందో, ఏ స్తంభం ముందు విరుగుతుందో ఆ డబ్బాకి తనంతట తాను తెలీదని పదకొండేళ్లుగా ఆవిడకి చెప్పలేకపోయాను. చెప్పేలోపు పొయ్యి మీద ఏదో ఒకటి పొంగుతుంది.

మా ఆయనా నేనూ ఒకే క్లాసు. పరీక్షల ముందు ఆయనకి పాఠాలు చెప్పింది నేనే. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను, ఆయన లైసెన్సు తెచ్చుకుని ఆఫీసు తెరిచారు. అప్పట్నుంచీ లెక్కలు నావి, సంతకం ఆయనది. ఇద్దరం ఒకటే కదా, పేరు ఎవరిదైతేనేం అనేవారు. అయితే ఒక్కసారి నా పేరు పెట్టి చూడండి అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి వచ్చిన ఎనిమిదంతస్తుల భవనంలో కింది అంతస్తంతా కార్ల కోసం ఖాళీగా వదిలేశారు. గోడల్లేవు, ఒట్టి స్తంభాలే. అవి చాలవని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించింది, లావు చేయాలన్నాను. లావు చేస్తే కార్లు పట్టవని బిల్డరు గొడవ. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె ఉంటుంది, భవనం కూలిపోకుండా ఎంత వంగి ఓర్చుకోగలదో చెప్పేది. దాన్ని ఎంత పెంచితే భూకంపం దెబ్బని అంత తగ్గించి లెక్కేస్తుంది. నేను మూడు పెట్టాను. పాప స్కూల్లో మీటింగుకి వెళ్లొచ్చేలోపు మా ఆయన దాన్ని ఐదు చేసి, ఎరుపంతా పచ్చగా మార్చి, సంతకం పెట్టి పంపేశారు. ఓర్చుకుంటుందని రాసేస్తే చాలు, ఎన్ని దెబ్బలైనా లెక్కలోకి రావు. మా ఇంట్లో నాకూ ఎప్పుడో అలాగే రాసేశారు. తెలిసినప్పుడు ఒళ్లు మండిపోయింది, అయినా ఆ పూట వంట చేశాను.

అనుమతులిచ్చే ఆఫీసులో తనిఖీ చేసే పెద్ద ఇంజనీరు ఆ ఐదు దగ్గర ఆగాడు. పిలిచి అడిగితే మా ఆయన నా పేరు చెప్పారు, పదకొండేళ్లలో మొదటిసారి. మా ఆవిడ సరదాగా కంప్యూటర్ నేర్చుకుంటోంది, చేయి తగిలి మారినట్టుంది అన్నారట. ఇద్దర్నీ రమ్మన్నాడు. మొగుడి పరువు నీ నోట్లో ఉంది, జాగ్రత్త అని అత్తగారు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు.

"నువ్వే మార్చావని ఒక్క ముక్క చెప్పెయ్," అన్నారు మా ఆయన దారిలో. "నీకు పోయేదేముంది? నీకు లైసెన్సే లేదుగా."

ఇంజనీరు ముందు ఆయన్నే అడిగాడు, ఈ భవనం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి ఎంతసేపు పడుతుందని. మా ఆయన కాగితాలు తిరగేశారు. మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. ఆయన చెవులు ఎర్రబడితే ఇంతకాలం జాలిపడేదాన్ని, ఈసారి సంతోషం వేసింది.

"ఒకటి పాయింట్ ఒకటి సెకన్లు," అన్నాను.

ఇంజనీరు కళ్లజోడు తీసి నా వైపు తిరిగాడు. "అయితే అంకె మార్చింది మీరేనా అమ్మా?"

బల్ల కింద మా ఆయన బూటు నా పాదాన్ని తొక్కింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు వెనక్కి తీసుకున్నాను.

"మూడు పెట్టింది నేను, ఐదు చేసింది ఈయన. ఇదొక్కటే కాదు సర్, ఈయన సంతకం పెట్టిన నూట నలభై రెండు భవనాలూ నేను చేసినవే. నా చేయి దాటాక వాటిలో ఎన్నింటిని మార్చారో నాకు తెలీదు. వాటిలో జనం ఉంటున్నారు. ఆ ఫైళ్లన్నీ బయటికి తీయండి."