పటంలో లేని కోత

రాజూరా వంతెనను ముంచి నాలుగు రోజులు దారి బందు చేసిన వరద వచ్చిపోయాక, రెండో సంవత్సరం చలికాలంలో జరిగింది ఇది.

నేను భూమి కింద బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. చదివింది మూడో తరగతి. మాట్లాడటం నాకు పెద్దగా అలవాటు లేదు. మా ఇల్లు మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా బామ్నిలో, మూసేసిన గనికి పైనే ఉంది. ఊళ్లో సగం ఇళ్లు అట్లాగే ఉన్నాయి.

స్వప్న నా మనవరాలు, నా కొడుకు తిరుపతి బిడ్డ. చంద్రపూర్‌లో డిగ్రీ చదివింది. పోలీసు భరతీకి, అంటే ఉద్యోగాల ఎంపికకు, మూడుసార్లు పోయింది. మూడోసారి రెండు మార్కులు తక్కువ పడ్డాయి. మా ఊళ్లో అట్లాంటి పిల్లలు నలభై మంది దాకా ఉంటారు. తెల్లవారగానే రోడ్డు మీద పరుగెత్తుతారు. తర్వాత పుస్తకాలు పట్టుకుని ఆటోలో బల్లార్‌పూర్ పోయి అభ్యాసికలో కూర్చుంటారు. అభ్యాసిక అంటే నెలకింత అని కట్టి చదువుకునే గది. బల్ల, లైటు, ఫ్యాను ఉంటాయి. ఇంట్లో చదవలేరు. ఎండాకాలం నలభై ఏడు డిగ్రీల ఎండ, పైన రేకులు. కిటికీ తీస్తే ఓపెన్‌కాస్టు గని లారీల దుమ్ము పుస్తకం మీద పడుతుంది.

మా కాలంలో గనికి మనుషులు కావాలి. కరీంనగర్ వైపు నుంచి పిలిచి మరీ తెచ్చుకున్నారు. ఇప్పుడు మిషన్లు తవ్వుతున్నాయి. తిరుపతి కంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతాడు. ఏ నెల రమ్మంటారో, ఏ నెల వద్దంటారో తెలియదు.

ఒకరోజు స్వప్న నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"తాత, మనూళ్లనే అభ్యాసిక పెడత. ముప్పై బల్లలు. ఆటో కిరాయి మిగులుతది అందరికి. మనింటి ఎనుక జాగ ఉత్తగనే ఉంది గద."

"అక్కడ వద్దు" అన్నాను.

"ఎందుకొద్దు?"

"వద్దు."

"ఆ జాగల ఆముదం చెట్లు పెంచుతవ్ గని నాకియ్యవ్. మగపిల్లగాన్నైతే ఇచ్చెటోనివి."

అది కాదని చెప్పాలి. చెప్పలేదు. లేచి బయటికి పోయాను.

అసలు సంగతి వేరే. భూమి కింద బొగ్గు తీసేటప్పుడు అంతా తియ్యరు. పైన కూలకుండా మధ్య మధ్య బొగ్గునే స్తంభాల్లా వదిలేస్తారు. మేం వాటిని పిల్లర్లు అంటాం. గని మూసేస్తారని తెలిసిన చివరి మూడు నెలలు, బొగ్గు టబ్బులు ఎక్కువ నింపినవాళ్లకు బోనస్ అన్నారు. కొత్త బొగ్గు దూరంగా ఉంది, పిల్లర్ పక్కనే ఉంది. నేను, నా జోడీ ఆశన్న కలిసి రెండు పిల్లర్ల చెంపలు చెక్కాం. చెక్కుతూ చెక్కుతూ మనిషి నడుమంత సన్నగా మిగిల్చాం. మా పని చూసే సర్దారు భీమన్న అది చూసి కూడా, వేరే దారిలో తీసిన బొగ్గని రాసుకున్నాడు. గని పటం అంతకు ముందే గీసేశారు, అందులో ఆ పిల్లర్లు నిండుగానే ఉన్నాయి. మెడ మీద కత్తి పెట్టి ఎవరూ చెయ్యమనలేదు. ఆ బోనస్‌తో తిరుపతి పెళ్లి చేశాను.

రిటైరయ్యాక అందులో ఒక పిల్లర్ మీది జాగా, మా ఇంటి వెనుకది, నేను కొన్నాను, అక్కడ ఎవరూ ఇల్లు కట్టొద్దని. రెండో దాని మీది జాగా ఆశన్నది. ఆయన కొన్నాళ్లు ఖాళీగా ఉంచాడు. కొడుక్కి పని పోయాక రెండు గదులు కట్టి కిరాయికిచ్చాడు. అక్కడ కట్టొచ్చా అని నేను అడిగాను. "ఇన్నేండ్లు కూలంది ఇప్పుడు కూలుతదా బావ?" అన్నాడు. నేను ఊరుకున్నాను.

నేను వద్దన్నా స్వప్న ఆగలేదు. గని ఆఫీసుకు పోయి పటం నకలు తెచ్చింది. అందులో మా జాగా కింద నీలం గీతల చదరం ఉంది. అంటే పిల్లర్ ఉన్నట్టు. పిల్లర్ ఉంటే రేకుల షెడ్డుకు భయం లేదని గుమాస్తా చెప్పాడట. "మా నాయిన గట్లనే అంటడు, నువ్వు కానియ్" అని తిరుపతి కూడా ఒప్పుకున్నాడు.

ఆదివారం పది మంది పిల్లలు పారలు, గడ్డపారలతో వచ్చి పునాది తవ్వడం మొదలుపెట్టారు. కూలీలను పెట్టుకునే స్తోమత లేదు. సుమన్ అని ఒకడు నన్ను చూసి నవ్వాడు.

"తాత, ఈసారి భరతీల పరుగు పందెం బదులు తవ్వుడు పెడితే మేమందరం పాసే."

నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. మోకాలి లోతు తవ్వాక నేల గట్టిగా తగిలింది. మెత్తబడాలని రెండు డ్రమ్ముల నీళ్లు పోశారు. నీళ్లు నిలవలేదు. బీడీ ముట్టించినంత సేపట్లో లోపలికి పోయాయి.

"భూమికి దూప బాగైనట్టుంది" అన్నాడు సుమన్. అందరూ నవ్వారు. ఇంకో డ్రమ్ము తేవడానికి ఒక పిల్ల పోయింది.

నేను లేచి గుంటలోకి దిగాను. సుమన్ చేతిలోని గడ్డపార తీసుకుని మూడు చోట్ల కొట్టి విన్నాను. గనిలో పైకప్పును కర్రతో కొట్టి చూడనిదే ఎవరూ దాని కిందికి పోరు. గట్టిదైతే ఖంగుమంటుంది. ఇది ఖాళీ కుండ కొట్టినట్టు మోగింది.

"అందరు బయటికి రాండ్రి" అన్నాను.

"మల్లేమాయె తాత?" అంది స్వప్న.

"కింద పిల్లర్ లేదు."

"పటంల ఉంది."

"పటంల ఉంది. కింద లేదు."

"నీకెట్ల ఎరుక?"

"నేనే కొట్టిన. నడుమంత మిగిలింది గంతే."

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గుంట ఎక్కారు. పక్క ఇంటి అరుగు మీద నుంచి ఆశన్న గట్టిగా అన్నాడు:

"మా బావకు చెవుడొచ్చి పదేండ్లాయె. డొల్లకు, గట్టికి తేడ తెల్వది. మీరు తవ్వుకోండ్రి."

ఎవరూ తవ్వలేదు. స్వప్న గుంట ఒడ్డున కూర్చుని నా ముఖం చూసింది.

"ఎన్నేండ్లాయె కొట్టి?"

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్ తాత? మొన్న అడిగిననాడన్న చెప్పకపోతివి."

నేను గడ్డపార పట్టుకుని గుంట ఎక్కాను. ఆమె ఆశన్న వైపు ఒకసారి చూసి మళ్లీ నన్ను అడిగింది.

"గిదొక్కటేనా?"

"ఒక్కటే" అన్నాను.

ఆ మధ్యాహ్నం స్వప్న కాగితం తీసి మరాఠీలో రాసింది. ఫలానా జాగా కింద ఒక పిల్లర్ చెక్కి ఉంది, చెక్కింది నేనే, వచ్చి పరీక్ష చెయ్యండి అని. చదివి వినిపించింది. నేను తెలుగులో సంతకం పెట్టాను. రేపు ఆఫీసులో ఇస్తానంది. కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. పిల్లలు తవ్విన మట్టి తిరిగి గుంటలో పోసి పోయారు.

పొద్దుగూకే ముందు ఆశన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కటే అన్నవ్. మంచిగన్నవ్ బావ."

నేను బీడీ ముట్టించాను.

"నీ జాగ నీ ఇష్టం. నాది నాకిడిసిపెట్టు. కూలేదుంటే వరదప్పుడే కూలుతుండె."

"వరదల కూలదు. గని నిండ నీళ్లుంటే నీళ్లే మోస్తయ్. నీళ్లు దిగినంక కూలుతది. నీకెరుక లేదా?"

ఆయనకూ ఎరుకే.

"ఆ రెండు గదుల కిరాయి మీదనే బతుకుతున్నం. నా కొడుక్కు నలభై దాటింది. ఇప్పుడెవడు పనిస్తడు వానికి? చెప్పు."

"నాకేం తెల్సు" అన్నాను.

"తెల్వనప్పుడు ఊకుండు. ఊకుండుడు నీకు కొత్తనా?"

లేచి పోయాడు. ఆ మాట నిజమే. గనిలో ఊరుకున్నాను, ఆయన గదులు కడుతుంటే ఊరుకున్నాను, స్వప్న అడిగినప్పుడూ ఊరుకున్నాను. ఆ గదుల్లో సుభాషిణి అనే అమ్మాయి ఉంటుంది. బల్లార్‌పూర్‌లో ఒక దవాఖానలో కంట్రాక్టు నర్సు. మూడేళ్ల కూతురు ఉంది. రెండో గది అప్పుడు ఖాళీ. ఆమెకు కింద ఏముందో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున స్వప్న చాయ్ పెడుతుంటే కాగితం తెమ్మన్నాను.

"ఒకటి కొట్టేసి రెండని రాయి. రెండోది ఆశన్న గదుల కింద. ఇద్దరం కలిసి కొట్టినం."

ఆమె కొట్టేసి రాసింది. మళ్లీ సంతకం పెట్టాను.

తర్వాత పోయి సుభాషిణి తలుపు కొట్టాను. డ్యూటీకి తయారై ఉంది. మా ఇంటి నుంచి తీసుకున్న నీళ్ల బిందె కోసం వచ్చాననుకుని లోపలికి పోబోయింది. ఆగమ్మా అని, గడపలోనే నిలబడి మొత్తం చెప్పాను. ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు కూలుతుంది అని ఒకటి. అది నాకు తెలియదన్నాను. ఎక్కడికి పోవాలి అని రెండోది. మా ముందు గది కింద పిల్లర్ నిండుగా ఉంది, వేరే చోటు దొరికేదాకా అక్కడ ఉండు అన్నాను.

ఆమె పిల్లను లేపి బయట నిలబెట్టింది. తర్వాత పక్క చుట్టింది. మంచం ఒక వైపు ఆమె పట్టింది, ఇంకో వైపు నేను పట్టాను. ఆశన్న అరుగు మీద పళ్లపుల్ల నములుతూ చూశాడు. ఆయన ముందు నుంచే మంచం మోసుకుపోయాం.